వీధిలో ఎండ, ఇంట్లో చలి

మట్టెవాడలో చలికాలం ఎట్లా ఉంటుందో ఓరుగల్లు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. సంక్రాంతికి ముందు ఒక పది పదిహేను రోజులు తెల్లవారుజామున గజగజ వణికిస్తుంది. పెందలాడే భోగేశ్వరాలయానికి బయలుదేరినవాళ్ళు ఉత్తరీయాలు చెవుల చుట్టూ బిగించి నడుస్తారు. వీధి మొగలో ఎవరో ఒకరు ఎండు కొమ్మలూ, అట్టపెట్టెలూ పోగుచేసి చలిమంట వేస్తారు. తొమ్మిది గంటలయ్యేసరికి స్వెట్టరు విప్పి నడుముకు కట్టుకుంటాం. మధ్యాహ్నం ఫాను తిప్పుకున్నా ఆశ్చర్యం లేదు. మన చలికాలం అంతే. అది రాత్రి వచ్చి పొద్దున్నే వెళ్ళిపోయే చుట్టం.

ఇటువంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మా మేనల్లుడు 2023 సెప్టెంబరులో పై చదువులకని ఇటలీ దేశం వెళ్ళాడు. ఇటలీ పటం చూస్తే మోకాలిదాకా తొడిగిన బూటులాగా ఉంటుంది గదా. ఆ బూటు కొనకు ఎదురుగా, తన్నబోయే బంతిలాగా, సిసిలీ ద్వీపం ఉన్నది. దాని తూర్పు తీరాన కటానియా నగరం. అక్కడి విశ్వవిద్యాలయం 1434లో ఏర్పడింది. సిసిలీలో దానికంటె పాతది లేదు.

వాడు ప్రయాణమయ్యే ముందు మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, పెట్టెలోనుంచి నల్ల గొంగళి ఒకటి తీసింది. కురుమలు నేసిన గొర్రెబొచ్చు గొంగళి. మొరటుగా, కాస్త వాసనగా ఉంటుంది గాని వానకూ చలికీ దాన్ని మించినది లేదు. వాడు పకపక నవ్వాడు.

"అక్కడ నారింజలు, నిమ్మకాయలు పండుతయి అమ్మమ్మా! నారింజలు పండే ఊళ్ళె చలేంది?"

ఆ మాట అబద్ధమేమీ కాదు. మధ్యధరా సముద్రపు ఒడ్డున శీతకాలం లండనులోలాగానో మాస్కోలోలాగానో ఉండదు. కటానియా వీధుల్లో మంచు కురవడం ఎప్పుడో గాని జరగదు. మంచు చూడాలంటే తల ఎత్తి ఊరికి ఉత్తరాన ఉన్న ఎట్నా అగ్నిపర్వతం చూడాలి. మూడు వేల మూడు వందల మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కొండ కడుపులో నిప్పు, నెత్తిన మంచు పెట్టుకుని ఉంటుంది. ఊళ్ళో మటుకు జనవరి మధ్యాహ్నం 15, 16 డిగ్రీలుంటుంది. రాత్రి సుమారు 5 డిగ్రీలకు దిగుతుంది.

గొంగళి పెట్టెలోనే ఉండిపోయింది. వాడు వెళ్ళిపోయాడు.

డిసెంబరు నెల మొదట్లో ఒక ఆదివారం వాడి దగ్గరనుంచి ఫోను వచ్చింది. అవతల వాడు రెండు స్వెట్టర్లు వేసుకుని, చెవులకు టోపీ లాక్కుని, మంచంమీద ముడుచుకుని కూర్చున్నాడు.

"అమ్మమ్మా, బయట మంచిగ ఎండ కొడుతున్నది. ఇంట్లకు వస్తే చేతులు కొంకర్లు పోతున్నయి. చలి కాపుకుందామంటే వీధిలకు పోవాలె!"

"ఇంట్ల చలి, వీధిల ఎండా? అదేం దేశం బిడ్డా!" అని మా అమ్మ కూడా నవ్వింది.

వాడు పరిహాసమాడటం లేదు. వాడి దగ్గరొక చిన్న ఉష్ణమాపకం ఉన్నది. ఆ రోజు మధ్యాహ్నం అది డాబామీద 16 డిగ్రీలు చూపించింది, వాడి గదిలో 12 చూపించింది. ఇల్లు కట్టుకునేది చలినుంచి తప్పించుకోవడానికి గదా, మరి ఇల్లే బయటికంటె చల్లగా ఉండటమేమిటి? ఈ ప్రశ్న వాడు నన్నడిగాడు. నేను నలభై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించగా తేలిన సంగతి ఇది.

కటానియా ఇళ్ళు ఎండాకాలానికి భయపడి కట్టినవి. 1693 జనవరిలో వచ్చిన భూకంపంలో ఆ పట్టణమంతా నేలమట్టమయింది. తరవాత దాన్ని ఎట్నా లావా గడ్డకట్టిన నల్లరాయితోనే చాలావరకు తిరిగి కట్టుకున్నారు. మందమైన గోడలు, ఎత్తయిన కప్పులు, నున్నని పలకల నేల. అక్కడి ఎండలు మన ఓరుగల్లు ఎండలకేమీ తీసిపోవు. 2021 ఆగస్టు 11న సిసిలీలోనే, సిరక్యూజు దగ్గర, 48.8 డిగ్రీల వేడి నమోదయింది. యూరపు ఖండం మొత్తానికి అదే రికార్డు. అటువంటి ఎండను ఆపడానికి రాతిగోడ మంచిదే.

మన మట్టెవాడలోని పాత మిద్దెలూ, గూనపెంకుల ఇళ్ళూ కూడా ఎండకు భయపడి కట్టినవే. అయితే మన ఇల్లు చలికాలంలో మనల్ని ఏడిపించదు. ఎందుచేత?

ఇక్కడే సూర్యుడు ఒక తమాషా చేస్తున్నాడు. డిసెంబరు 22 ప్రాంతంలో మట్టెవాడలో మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి సుమారు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కటానియాలో 29 డిగ్రీలే. మనకు ఆనాటి పగలు దాదాపు 11 గంటలు, వాళ్ళకు 9 గంటలన్నర చిల్లర. మన ఊళ్ళో రాత్రి ఎంత చలి వేసినా మర్నాడు మధ్యాహ్నం 28, 30 డిగ్రీల ఎండ గోడలను కాలుస్తుంది. గోడ ఆ వేడిని పగలంతా తాగి రాత్రి మెల్లమెల్లగా మనకు వదులుతుంది. కటానియా గోడకు తాగడానికి వేడి ఏది? నవంబరులో చల్లబడటం మొదలుపెట్టిన రాయి మార్చిదాకా చల్లగానే ఉంటుంది. వీధిలో నిలబడ్డవాడికి ఎండ సూటిగా ఒంటిమీద పడుతుంది, గదిలో కూర్చున్నవాడికి నాలుగు వైపులనుంచీ చల్లని రాయి ఒంటి వేడిని లాగేస్తుంది. వేసవిలో స్నేహితుడైన గోడే చలికాలంలో శత్రువయిందన్నమాట.

మరి అక్కడివాళ్ళు ఏం చేస్తారు? ఇటలీ ఉత్తరాన మిలాను మొదలైన పట్టణాల్లో ఇంటింటికీ గోడల పక్కన ఇనుప గొట్టాల చట్రాలు ఉంటాయి. వాటిలో వేడినీళ్ళు తిరుగుతూ గదిని వెచ్చబరుస్తాయి. ఈ సంబంధంగా ఒక విచిత్రం చెప్పాలి. ఇల్లు ఎప్పటినుంచి ఎప్పటిదాకా వెచ్చబెట్టుకోవచ్చునో అక్కడ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది! 1993 నాటి శాసనం ప్రకారం దేశాన్ని చలినిబట్టి ఆరు మండలాలుగా విభజించారు. మిలాను మండలంలో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకు 14 గంటలు. రోము మండలంలో నవంబరు 1 నుంచి, 12 గంటలు. కటానియాకు డిసెంబరు 1 నుంచి మార్చి 31 దాకా 8 గంటలే. గదిలో వేడి 20 డిగ్రీలుంటే చాలు, మహా అయితే ఇంకో రెండు. ఇంధనం వృథా కారాదని ఈ ఏర్పాటు. మా అమ్మ ఇది విని, "రేషను బియ్యం తీర్గ రేషను వేడి!" అన్నది.

అయితే రేషను ఉన్నా తెచ్చుకోవడానికి సంచీ ఉండాలి గదా. సిసిలీలో చాలా పాత ఇళ్ళకు ఆ గొట్టాల ఏర్పాటే లేదు. మావాడి గదికీ లేదు. వాడు రెండు వేల వాట్ల కరెంటు హీటరు ఒకటి కొన్నాడు. మొదటిరోజు సాయంత్రం దాన్ని పెట్టుకుని, స్నానానికి నీళ్ళు కాగబెట్టే మీట కూడా నొక్కాడు, పక్కగదివాడు అదే సమయానికి రొట్టె కాల్చుకునే పొయ్యి వెలిగించాడు. ఇల్లంతా చీకటి! ఇటలీలో మామూలు ఇంటికి ఇచ్చే కరెంటు మూడు కిలోవాట్లు. అది దాటి వాడితే మీటరు తనంతట తానే కరెంటు తీసేస్తుంది. ఇద్దరూ చీకట్లో మెట్లు తడుముకుంటూ కిందికి దిగి మీట పైకెత్తి వచ్చారు. వారంలో నాలుగుసార్లు దిగారట. ఆ వ్యాయామంతో కాస్త చలి తీరిందని మావాడు రాశాడు. హీటరు ఒక గంట వెలిగితే రెండు యూనిట్లు కాలిపోతాయి. అది ఆర్పిన పావుగంటకే గది మళ్ళీ ఎప్పటిలాగే రాయి.

తరవాత వారం మళ్ళీ ఫోను. ఈసారి వాడి ముఖం వెలిగిపోతున్నది.

"అమ్మమ్మా, ఇక్కడ కూడ కుంపటి దొరికింది! చూడు."

ఫోనులో చూపించాడు. వెడల్పాటి రాగి పళ్ళెం, చుట్టూ కాళ్ళు పెట్టుకోవడానికి చెక్క అరుగు. పూర్వం ఇటలీలో ప్రతి ఇంట్లో ఇటువంటిది ఉండేది. దాన్ని బ్రాచేరే అంటారు. బొగ్గులు రాజేసి మధ్యన పెట్టుకుని, చుట్టూ కుర్చీలు వేసుకుని, కాళ్ళు ఆ అరుగుమీద పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవారట. ఇంటావిడ దాన్ని అలంకారం కోసం ఉంచి, పాత పత్రికలు పడేసి ఉంచింది. మావాడు పత్రికలు తీసేసి శుభ్రంగా తోమాడు. మాంసం కాల్చుకునేందుకు అంగళ్ళలో అమ్మే బొగ్గులు ఒక బస్తా కొన్నాడు.

మా అమ్మ నవ్వలేదు.

"ముట్టించినవా?" అని అడిగింది.

"లేదు. రాత్రికి ముట్టిస్త. కిటికీలు కూడ మంచిగ బిగిస్తయి, కొంచెం గూడ గాలి రాదు."

"ముట్టియ్యకు. ముందు నేను చెప్పేది ఇను," అన్నది మా అమ్మ. అన్నాక కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆమె చెప్పినది నాకు కొత్త కాదు, ఎందుకంటే అప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కాని యాభై ఆరేళ్ళలో ఆమె నోటివెంట ఆ మాట నేను వినలేదు.

అది 1967 డిసెంబరు. నాకు తొమ్మిదేళ్ళు. మా చిన్నమ్మ పురిటికి మా ఇంటికి వచ్చింది. వాళ్ళ అమ్మానాన్నలు అప్పటికే లేరు గనుక మా అమ్మే ఆమెకు తల్లి. మగపిల్లవాడు పుట్టాడు. బాలింతకు గాలి తగలగూడదని వెనక అర్రలో మంచం వేశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు, పెంకుల సందుల్లో పాతబట్టలు కుక్కారు. ఆ రాత్రి చలి ఎక్కువగా ఉందని మా అమ్మ కుంపటినిండా బొగ్గులు పోసి, పొగ పోయేదాకా వాకిట్లో విసిరి, ఎర్రగా కణకణలాడుతూ ఉండగా తెచ్చి మంచం పక్కన పెట్టింది. తలుపు దగ్గరగా వేసింది.

తెల్లవారుజామున పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. ఎంతకూ ఆపడు. వాళ్ళమ్మ లేచి పాలివ్వదేమిటని మా అమ్మకు మెలకువ వచ్చింది. పిలిస్తే పలుకు లేదు. తలుపు తోసి లోపలికి వెళ్ళేసరికి ఆమెకే కళ్ళు తిరిగాయి. చిన్నమ్మ కళ్ళు సగం తెరిచి ఉన్నవి, కదలిక లేదు. మా అమ్మ కుంపటిని ఎత్తి వాకిట్లోకి విసిరేసింది. బొగ్గులు చెల్లాచెదరై నిప్పులు నా కాళ్ళముందు పడటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నది. పిల్లవాణ్ణి నాకిచ్చి, చిన్నమ్మను చంకలకింద పట్టి చలిలోకి ఈడ్చుకొచ్చింది. అరగంటకు చిన్నమ్మ వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. వారం రోజులు తలనొప్పితో బాధపడింది గాని బతికింది. ఆ ఏడ్చిన పిల్లవాడు ఇప్పుడు మనమణ్ణి ఎత్తుకుంటున్నాడు.

"ఆ కుంపటి పెట్టింది నేనే బిడ్డా," అన్నది మా అమ్మ ఫోనులో. "పొగ లేదుగదా అనుకున్న."

పొగ లేదు గనుకనే ప్రమాదం. బొగ్గుకు గాలి బాగా అందితే అది కాలి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అదే మనం ఊపిరి వదిలినప్పుడు బయటికి వచ్చేది. గాలి చాలకపోతే సగం కాలి ఇంకొక వాయువు అవుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన నెత్తుటిలో హీమోగ్లోబిను అనే ఎర్రని పదార్థం ఉన్నది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని ఒంటినిండా పంచిపెట్టడం దాని పని. అది ఒక బండి అనుకోండి. ప్రాణవాయువుకంటె కార్బన్ మోనాక్సైడు ఆ బండిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి ఎక్కిందంటే తొందరగా దిగదు. బండ్లన్నీ దానితో నిండిపోతే ఎంత గాలి పీల్చినా ప్రాణవాయువుకు చోటు దొరకదు. మొదట తలనొప్పి, తరవాత కళ్ళు తిరగడం, వాంతి, నిద్రమత్తు. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు, నిద్రలోనుంచే వెళ్ళిపోతాడు. ఫ్రెంచి దేశపు గొప్ప రచయిత ఎమిల్ జోలా 1902లో పారిసులో తన పడకగదిలో ఇట్లాగే చనిపోయాడు. ఆ గది పొగగొట్టం మూసుకుపోయింది.

కుంపటికే కాదు, మూసిన గదిలో వెలిగించే ఏ నిప్పుకయినా ఈ గుణం ఉన్నది. స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టి తలుపు బిడాయించుకునేవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. పెద్దలు ఇది గమనించాలి. గదిలో నిప్పు ఉండగా తల నొప్పి, వికారం తోస్తే వెంటనే తలుపులు బార్లా తెరిచి అందరూ బయటికి వచ్చేయాలి, ఆ తరవాతనే మిగతా పని. మన దగ్గర 108కీ, ఇటలీలో 112కీ ఫోను చేస్తే వైద్య సహాయం వస్తుంది.

మావాడు బొగ్గుల బస్తా తిరిగి ఇచ్చేశాడు. రాగి పళ్ళెంలోకి మళ్ళీ పత్రికలు వచ్చి చేరాయి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. పాతకాలంలో ఇటలీవాళ్ళు పరుపును వెచ్చజేయడానికి దుప్పటికింద ఒక చెక్కచట్రం పెట్టి, అందులో నిప్పుల కుండ వేలాడదీసేవారు. పడుకునే ముందు దాన్ని తీసేసేవారు. ఆ చట్రం పేరు 'ప్రేతె', అంటే పురోహితుడు! రాత్రి కాగానే, "పక్కలో పురోహితుణ్ణి పెట్టారా?" అని అడిగేవారన్నమాట. పడుకునే ముందు తీసేయడం ఎంత తెలివైన పనో ఇప్పుడు మీకు అర్థమయే ఉంటుంది.

నిప్పును గదిలో పెట్టుకోకుండా దాని వేడిని మాత్రం తెచ్చుకునే ఉపాయం ఆ సిసిలీలోనే పదహారు వందల ఏళ్ళకు పూర్వమే ఉన్నది. ద్వీపం నడిబొడ్డున పియాజ్జా అర్మెరీనా అనే ఊరి దగ్గర, నాలుగో శతాబ్దపు రోమను ప్రభువు భవనం ఒకటి తవ్వకాల్లో బయటపడింది. కాలేజీ పిల్లలతో మావాడు చూడబోయాడు. అక్కడి స్నానశాలల నేల గట్టిది కాదు, బోలు. పొట్టి ఇటుక స్తంభాలమీద నేలను నిలిపారు. కొలిమి భవనానికి వెలుపలి వైపు ఉంటుంది. నౌకర్లు అక్కడ కట్టెలు వేస్తుంటే, వేడిగాలీ పొగా నేలకింద ప్రవహించి, గోడల్లోని గొట్టాలగుండా పైకి పోయేవి. నేల వెచ్చబడేది, పీల్చే గాలిలోకి పొగ వచ్చేది కాదు. మావాడు ఆ సాయంత్రమే ఫోను చేసి, "అమ్మమ్మా, వీళ్ళు కుంపటిని వాకిట్ల పెట్టి, వేడిని ఇంట్లకు పిలిచిన్రు," అన్నాడు. ఇంతకంటె బాగా నేనూ చెప్పలేను.

ఇప్పటి వేడినీళ్ళ గొట్టాలు కూడా ఆ రోమను పద్ధతికి మనమలే.

అయితే అద్దెగదిలో ఉండే విద్యార్థి నేల తవ్వుకోలేడు గదా. అంచేత ఉన్న కాస్త వేడిని పోనివ్వకుండా కాపాడుకునే మార్గం చూడవలసి వచ్చింది. ఈ విద్యలో మా అమ్మను మించినవాళ్ళు లేరు. మా ఇంట్లో బొంత ఉన్నది. పాత చీరలు పొరలుపొరలుగా పేర్చి కుట్టినది. పల్చని చీర ఒక్కటి కప్పుకుంటే చలి ఆగదు, పది చీరలు కలిపి కుడితే ఆగుతుంది. బట్టలో వేడి లేదు. పొరల మధ్య చిక్కుకుని కదలలేకపోయిన గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటినుంచి వంద వాట్ల బల్బంత వేడి వస్తూ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచితే చాలు. గొంగళి మొరటుదనం కూడా అందుకే. ఆ వంకర వెంట్రుకల మధ్య బోలెడంత గాలి దాగి ఉంటుంది.

గాలి దాచుకున్న వస్తువంటే మీకు మన రామప్ప గుడి గుర్తుకు రావాలి. 1213లో కట్టిన ఆ గుడి శిఖరపు ఇటుకలు నీళ్ళలో వేస్తే తేలుతాయి. ఎందుకంటే వాటినిండా సన్నని బెజ్జాలు, బెజ్జాలలో గాలి. సిసిలీకి ఉత్తరాన లీపరి దీవిలో దొరికే ఒక అగ్నిపర్వత శిల కూడా అట్లాగే తేలుతుంది. రోములోని పాంథియను గుమ్మటంలో అటువంటి తేలిక రాళ్ళే వాడారు. మన శిల్పులు గాని, రోమనులు గాని వాటిని ఎన్నుకున్నది బరువు తగ్గించడానికి, చలి ఆపడానికి కాదు. కాని బెజ్జాల గాలి వేడిని కూడా ఆపుతుంది. ఇప్పుడు ఇళ్ళు కట్టడానికి వాడే తేలిక గాలి ఇటుకలు చలిదేశాల్లో పనికివచ్చేది ఈ గుణంవల్లనే.

ఇంట్లో చేసి చూడండి. రెండు స్టీలు లోటాలు తీసుకుని, పెద్దవాళ్ళచేత రెండింట్లోనూ సమానంగా వేడినీళ్ళు పోయించండి. ఒకదానికి పొడి ఉన్నిబట్ట చుట్టండి. రెండోదానికి అదే బట్టను తడిపి, పిండి, చుట్టండి. పైన మూతలు పెట్టి అరగంట ఆగండి. తడిబట్ట లోటా తొందరగా చల్లారుతుంది. బెజ్జాల్లో గాలి ఉండవలసిన చోట నీళ్ళు చేరాయి. పైగా ఆ నీరు ఆవిరి అవుతూ ఇంకొంత వేడి పట్టుకుపోతుంది.

ఈ తేమ సంగతే మావాణ్ణి అన్నిటికంటె ఎక్కువ ఏడిపించింది. బయట వాన పడుతుందని ఉతికిన బట్టలు గదిలోనే ఆరేశాడు. చలి అని కిటికీ తెరవడు. వంట ఆవిరి, ఊపిరి ఆవిరి, తడిబట్టల ఆవిరి అంతా పోయి చల్లని గోడమీద నీటిబొట్లయి నిలిచింది. పది రోజుల్లో గోడ మూలన నల్లని బూజు. పక్కగదివాడు తెచ్చిన గ్యాసు హీటరు సంగతి కూడా అంతే. కిలో గ్యాసు కాలితే కిలోన్నర నీరు ఆవిరిగా పుడుతుంది. అది గదిని వెచ్చబెడుతూనే తడుపుతుంది. కింది ఇంటావిడ వచ్చి ఆ గోడ చూసి, నెత్తి కొట్టుకుని, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచిందట. ఎండ ఉన్న మధ్యాహ్నం పది నిమిషాలు తెరిస్తే తడిగాలి పోతుంది, గోడల్లో ఉన్న వేడి అంతలో పోదు. చలి వేస్తుంటే కిటికీ తెరవడమనేది మొదట్లో మావాడికి పిచ్చిగా తోచింది. వారానికల్లా గోడ పొడిబారడం కళ్ళారా చూశాడు.

అప్పటినుంచి వాడు తన గదిని మనిషిని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. సూర్యుడు అక్కడ చలికాలమంతా దక్షిణాన తక్కువ ఎత్తులో ఉంటాడు గనుక దక్షిణపు కిటికీలోనుంచి ఎండ గది చివరిదాకా పాకివస్తుంది. అందాకా తెర తీసి ఉంచి, పొద్దు వాలగానే చెక్కతలుపులు మూసేస్తాడు. మంచాన్ని ఉత్తరపు గోడనుంచి రెండు జానలు ఇవతలికి జరిపాడు. తలుపుకింది సందుకు పాతబట్ట చుట్టి పెట్టాడు. కాళ్ళకింది చలికి మందు మాత్రం ఇక్కడినుంచే వెళ్ళింది. మట్టెవాడ పక్కనే ఉన్న కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి కొని పార్సెలు పంపాం. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, ఎర్రగా, నీలంగా ఎంత ముచ్చటగా ఉంటాయో! నున్నని పలకా, జంపఖానా రెండూ ఒకే గదిలో ఉంటే రెండింటి వేడీ ఒకటే. కాని పలక మన పాదం వేడిని గబగబా లాగేస్తుంది, నూలు లాగదు. అందుకే ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా తోస్తుంది.

ఆ పార్సెలులోనే, జంపఖానా మడతల మధ్య, నల్ల గొంగళి కూడా వెళ్ళింది. బరువు గురించి ఈసారి వాడు ఏమీ అనలేదు.

ఇప్పుడు ఇంటావిడ ఆ గదికి కొత్త యంత్రం పెట్టించింది. వేసవిలో గదిని చల్లబరిచే ఏసీయే, చలికాలంలో తిరగేస్తే బయటిగాలిలోని వేడిని లోపలికి తోడుతుంది. ఒక యూనిటు కరెంటు ఖర్చు పెట్టి మూడు యూనిట్ల వేడి తెస్తుంది. చల్లని గాలిలో వేడి ఎక్కడిదని అడుగుతారేమో, మీ ఇంట్లో రిఫ్రిజిరేటరు వెనకవైపు చెయ్యి పెట్టి చూడండి. లోపలి చల్లని పాలలోనుంచి తోడిన వేడే అది. ఇందులో నిప్పు లేదు, పొగ లేదు, మీటరు కూడా అలగటం లేదట.

అయినా మా అమ్మకు నమ్మకం కుదరదు. అక్కడ మధ్యాహ్నం పన్నెండయితే మట్టెవాడలో సాయంత్రం నాలుగున్నర. చలికాలంలో ప్రతి ఆదివారం ఆ వేళకు ఆమె ఫోను పట్టుకుని కూర్చుంటుంది. తిన్నావా, బాగున్నావా అని అడగదు.

"కిటికీ తీసి ఉన్నదా?" అంటుంది.

వాడు జవాబు చెప్పకుండా ఫోను పట్టుకుపోయి కిటికీలో పెడతాడు. కింది వీధిలో చేపలమ్మేవాడు పెట్టే కేక మట్టెవాడలో మా వాకిట్లోకి వినిపిస్తుంది. అప్పుడు గాని ఆమె మిగతా మాటలు మొదలుపెట్టదు.